రెండు ఊళ్ల టీములకూ ఒకే స్టోరేజ్ లైబ్రరీ పెట్టుకోవడం ఎలా?

మీ ప్రశ్న ఇది: విజయవాడ టీము, గుంటూరు టీము మిర్చి యార్డు తక్‌పట్టీల (అమ్మకం చీటీల) ఫోటోలు, పీడీఎఫ్‌లు అమెజాన్ ఆన్‌లైన్ స్టోరేజ్ ఎస్3లోకి ఎక్కించే కోడును ఎవరికి వాళ్లు కాపీ చేసుకుని వాడుతున్నారు, దాన్ని ఒకే పైథాన్ లైబ్రరీగా ఎలా మార్చాలి?

ముందు దాన్ని చిన్నగా ఉంచండి. అప్‌లోడ్, డౌన్‌లోడ్, లిస్ట్, డిలీట్, తాత్కాలిక లింకు: ఈ 5 ఫంక్షన్లు చాలు. ఎస్3తో మాట్లాడే పైథాన్ లైబ్రరీ బోటో3 ఇచ్చే ఎర్రర్లను లోపలే పట్టుకుని మీ సొంత ఎర్రర్లుగా మార్చి పంపండి. అవి యథాతథంగా బయటికొస్తే, రేపు స్టోరేజ్ మార్చాల్సి వచ్చినప్పుడు రెండు టీముల కోడూ తిరగరాయాలి. బకెట్ (ఎస్3లో ఫైళ్లు ఉండే డబ్బా) పేరు, రీజియన్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉండాలి. యాక్సెస్ కీలు (పాస్‌వర్డుల్లాంటివి) కోడు దాచే గిట్‌లోకి ఎక్కనే కూడదు.

అసలు చిక్కులు తెలుగు పేర్ల దగ్గరే. ఎస్3లో ఆబ్జెక్టు కీ (ఫైలు పూర్తి పేరు) పొడవు 1,024 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు. 'మిర్చి' అన్న పొట్టి మాటే 18 బైట్లు తింటుంది. రైతు పేరును, ఫైలుతో పాటు పంపే మెటాడేటాలో తెలుగులో పెడితే బోటో3 ఒప్పుకోదు, అక్కడ ఆస్కీ (ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, గుర్తులు) మాత్రమే చెల్లుతుంది. అందుకని కీలో యూయూఐడీ (ప్రతి ఫైలుకీ వేరుగా ఉండే కోడ్) పెట్టి, పేరును డేటాబేస్‌లో ఉంచడం మేలు.

తేదీ ఫోల్డర్ల సంగతీ చూసుకోండి. సర్వర్ గడియారం యూటీసీలో (మన సమయానికి 5:30 గంటలు వెనక) ఉంటే, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 దాకా దిగిన లాట్లన్నీ నిన్నటి తేదీ కింద పడతాయి. లెక్క తేలక యార్డులో గొడవ. తేదీని లైబ్రరీయే భారత కాలమానంలో కట్టాలి, యాప్‌కి వదలొద్దు.

లిస్ట్ ఒక్క పిలుపుకి 1,000 పేర్లే ఇస్తుంది, మిగతావాటిని పేజీలుగా తెచ్చే పేజినేటర్ తప్పనిసరి. టెస్టు బకెట్‌లో పదో పరకో ఫైళ్లే ఉంటాయి కాబట్టి ఈ తప్పు సీజన్ దాకా బయటపడదు. ఎస్3 ప్రతి ఫైలుకీ ఇచ్చే ఈట్యాగ్‌ని ఎండీ5 (ఫైలు మారలేదని సరిచూసే కోడ్) అనుకుని పోల్చకండి. బోటో3 అప్‌లోడ్ ఫంక్షన్ మామూలుగా 8 ఎంబీ నుంచి ఫైలును ముక్కలు చేసి పంపుతుంది, అప్పుడు రెండూ కలవవు. మధ్యలో ఆగిన ముక్కలు లిస్టులో కనపడవు గానీ బిల్లులో పడతాయి. వాటిని 7 రోజుల్లో తుడిచేసే లైఫ్‌సైకిల్ రూల్ బకెట్ మీద పెట్టండి. రీట్రై బోటో3కే వదలండి: స్టాండర్డ్ మోడ్ 3 సార్లు ప్రయత్నిస్తుంది, దాని మీద మీరు ఇంకో 3 సార్ల లూపు వేస్తే 9 అవుతాయి.

రిలీజుకి గిట్ ట్యాగ్ చాలు, సొంత ప్యాకేజీ సర్వర్ ఇప్పుడే అక్కర్లేదు. రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో ట్యాగ్ నంబరే రాయాలి. మెయిన్ బ్రాంచి రాస్తే విజయవాడలో పొద్దున చేసిన మార్పుకి మధ్యాహ్నం గుంటూరులో బిల్డు విరుగుతుంది. ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లు మారితే ట్యాగ్ నంబరులో మొదటి అంకె పెంచండి. యూనిట్ టెస్టులకి ఎస్3ని అనుకరించే మోటో సరిపోతుంది. తాత్కాలిక లింకుల్ని మాత్రం అసలు బకెట్ మీద పరీక్షించండి, ఎందుకంటే పర్మిషన్ లోపాల్ని మోటో మామూలుగా పట్టదు.

ముందు ఒక్క యాప్‌ని దీనికి మార్చండి. ఆ మార్పులోనే పాత కాపీ ఫైలునీ తీసెయ్యండి, ఉంచితే ఎవరో ఒకరు మళ్లీ దాన్నే ఇంపోర్ట్ చేస్తారు.