డీ అండ్ డీలో డెవిల్స్, డీమన్స్ నిజంగా భయపెట్టాలంటే ఎలా ఆడించాలి?

డీ అండ్ డీ (డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలుగా ఆడే కథల ఆట) గురించి మీరు అడిగినవి రెండు. మీ పార్టీ (ప్లేయర్ల పాత్రల జట్టు) ఐదో లెవెల్‌కి వచ్చింది, డెవిల్‌ని దించినా డీమన్‌ని దించినా టేబుల్ దగ్గర ఎవరికీ టెన్షన్ లేదు, కాస్త ఎక్కువ హిట్ పాయింట్లు (ప్రాణబలం) ఉన్న ఓగర్ అనే మొరటు మాన్‌స్టర్‌తో కొట్లాడినట్టే ఉంటోంది, ఏం చేయాలన్నది ఒకటి. ఒక ప్లేయర్ ఇంట్లో ఈ పేర్లంటేనే ఇబ్బంది పడుతున్నారు, ఎలా సర్దుకోవాలన్నది రెండోది. నేను హైదరాబాద్‌లో స్నేహితులకి చాలా ఏళ్లుగా ఐదో ఎడిషన్ ఆడిస్తున్నాను. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విలన్లు వీళ్లే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలకపోతే మొదటిదాని గురించి ఎంత చెప్పినా ఉపయోగం లేదు.

ఈ ఇబ్బంది మీ టేబుల్‌కి కొత్తగా వచ్చింది కాదు. డీ అండ్ డీ 1974లో వచ్చింది. డీమన్స్ 1976 నాటి ఒక సప్లిమెంట్‌లో, డెవిల్స్ 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో చేరాయి. 1980లలో ఈ ఆట పిల్లల్ని సాతాను పూజలోకి దించుతోందని అమెరికాలో పెద్ద గొడవ లేచింది. 1989లో రెండో ఎడిషన్ తెచ్చినప్పుడు ఆటని ప్రచురించే టీఎస్ఆర్ కంపెనీ ఆ రెండు పేర్లనీ పక్కన పెట్టేసింది. 1991లో అవే ప్రాణులు తనారి, బాటెజు అనే పేర్లతో తిరిగొచ్చాయి. పాత పేర్లు మళ్లీ పుస్తకంలోకి ఎక్కింది 2000లో, మూడో ఎడిషన్‌తో. అంటే దాదాపు పదేళ్లపాటు పేర్లు మార్చుకునే ఆట నడిచింది. ఈ రెండు జాతుల మధ్య ఎప్పటికీ తెగని బ్లడ్ వార్ అనే గొప్ప ఊహ పెరిగింది కూడా ఆ కాలంలోనే. కాబట్టి పేరు మారిస్తే రుచి పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

మా టేబుల్‌లో ఒకమ్మాయిది ప్రార్థన తప్పని క్రైస్తవ కుటుంబం. దుష్టశక్తులతో పోరాడటానికి ఆమెకి అభ్యంతరం లేదు, పైగా ఆమె ఆడేది పాలడిన్‌నే (దైవబలం ఉన్న యోధుడి పాత్ర). బైబిల్‌తో ముడిపడ్డ పేర్లు ఆటలో పలకడమే కష్టంగా ఉండేది. నైన్ హెల్స్ (ఆటలో డెవిల్స్ ఉండే నరకాలు) ఏలికల జాబితా తీయండి: బేలియల్, మామన్, బాల్‌జెబుల్, అన్నీ ఆ వైపు నుంచి తీసుకున్నవే. వాటికి బదులు నేను ‘మూడో గడప దొర’, ‘మంచుకోట దొర’ అని పదవుల పేర్లు పెట్టాను. అసలు పేరు ఎవరికీ తెలియనివ్వని దొర ఇంకా పెద్దవాడిలా అనిపించాడు. ఆ ఏర్పాటు మాకు ఇప్పటికీ అలాగే ఉంది.

మన దగ్గర ప్రత్యేకంగా చూసుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. ఫీండ్ (డెవిల్, డీమన్ లాంటి దుష్టశక్తి) అంటే మనిషిలోకి దూరడం చాలామంది డీఎంలకి (ఆట నడిపేవాళ్లకి) మొదట తట్టే ఆలోచన. కానీ జాతరలో అమ్మవారు పూనడం మనకి భక్తి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో రంగం చెప్తుంటే జనం చేతులు జోడించి వింటారు. ఇంకోవైపు, జబ్బు చేసిన మనిషికి దెయ్యం పట్టిందని చెప్పి కొట్టించిన ఇళ్లూ ఉన్నాయి. మీ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లలో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలియదు. నేను పూనకాన్ని హారర్‌గా వాడను. క్యారెక్టర్‌ని ఏదైనా ఆవహించే సీన్ కావాలంటే ఆ ప్లేయర్‌ని విడిగా, ముందే అడుగుతాను. అందరి ముందు అడిగితే మొహమాటానికి ‘పర్లేదు’ అనేస్తారు. మధ్యలో ఎవరికైనా కష్టమనిపిస్తే కారణం చెప్పకుండానే ఆపే ఎక్స్ కార్డ్ కూడా టేబుల్ మీద ఉండాలి.

ఇక మొదటి ప్రశ్న. స్టాట్ బ్లాక్‌లు (మాన్‌స్టర్ బలాబలాల పట్టికలు) పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. విషం ఎక్కదు, నిప్పు పెద్దగా పనిచేయదు, 2014 మాన్యువల్‌లో అయితే మంత్రం లేని మామూలు కత్తికి సగం దెబ్బే తగిలేది. అందుకే ఇనిషియేటివ్ (ఫైట్‌లో ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) వేయగానే రెండూ ఒకటైపోతాయి. తేడా అంతా దానికి ముందే ఉంది. డెవిల్‌కి మీ క్యారెక్టర్ల దగ్గరున్నది ఏదో కావాలి, దానికోసం ఎన్నాళ్లయినా ఓపిక పడుతుంది. డీమన్‌కి ఏమీ అక్కర్లేదు, ఉన్నది లేకుండా పోతే చాలు. ఈ తేడాని ఫైట్ మొదలవకముందే ప్లేయర్లకి చూపించాలి. అందుకని డెవిల్‌ని ముందు మాట్లాడించండి, డీమన్‌ని మాత్రం దాని పని అయిపోయాక చూపించండి.

మా క్యాంపెయిన్‌లో అందరికీ గుర్తుండిపోయిన డెవిల్‌కి కొమ్ములు లేవు. పాతకాలం ఊరి కరణంలా చేశాను వాణ్ని. చంకలో లెక్కల పుస్తకం, చెవి మీద కలం, గొంతు ఎప్పుడూ పెంచడు, అందరినీ ‘బాబూ’, ‘తల్లీ’ అంటాడు. ఏటి మీద బతికే ఒక ఊళ్లో ఏరు ఎండిపోయింది. పార్టీకి ఆ ఊరంటే ప్రాణం, ఎందుకంటే చావు తప్పించుకుని వచ్చిన రోజు అన్నం పెట్టిన ముసలమ్మ ఉన్నది అక్కడే. కరణం వచ్చి అరుగు మీద కూర్చుని, ఏరు రేపు పొద్దున్నకి పారిస్తానన్నాడు. ప్లేయర్లందరూ ఆత్మ అడుగుతాడనే ఎదురు చూశారు.

దయచేసి ఆత్మ అడగకండి. చచ్చాక పోయేదాని గురించి ప్లేయర్‌కి ఈ రోజు నొప్పి ఉండదు. క్యాంపెయిన్ అయ్యేలోపు ఆ బాకీ తీర్చే రోజు వస్తుందో రాదో అని వాళ్లకీ తెలుసు, సంతోషంగా సంతకం పెట్టేస్తారు. వచ్చే సెషన్‌లోనే తగిలేది అడగండి. కరణం అడిగింది ఇదీ: “ఏరు తెచ్చింది మీరేనన్న సంగతి, అసలు మీరెవరన్న సంగతి, ఈ ఊళ్లో ఎవరికీ గుర్తుండదు. అంతే తల్లీ, ఇంకేం వద్దు.” షరతు మొత్తం నేను కాగితం మీద రాసి టేబుల్ మధ్యలో పెట్టాను. దాచిన మాట ఒక్కటి లేదు. ఆ రోజు వాదన జరిగినంతసేపు నేను నోరు విప్పలేదు. చివరికి పాలడిన్ సంతకం పెట్టింది.

మర్నాడు ఏరు పారింది. పార్టీ ఊళ్లోకి వెళ్తే ముసలమ్మ గుమ్మంలో నిలబడి “ఎవరు నాయనా మీరు? ఎండన పడి వచ్చినట్టున్నారు, మంచినీళ్లు తాగుతారా?” అంది. టేబుల్ దగ్గర చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఛాలెంజ్ రేటింగ్ (ఎంత గట్టి శత్రువో చెప్పే అంకె) 20 ఉన్న పిట్ ఫీండ్ అనే పెద్ద డెవిల్‌ని దించినా నాకు ఆ నిశ్శబ్దం దొరికేది కాదు.

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. చాలామంది డీఎంలు డెవిల్ ఒప్పందాన్ని మాటల ఉచ్చుగా చేస్తారు. ప్లేయర్ ‘బలం కావాలి’ అంటే క్యారెక్టర్‌ని ఎద్దుగా మార్చేయడం, అలాంటివి. ఒక్కసారి అలా చేశారంటే ఇక ఏ ప్లేయరూ ఏ ఎన్‌పీసీతోనూ (డీఎం ఆడించే పాత్ర) బేరమాడడు, ప్రతి మాటకీ లాయర్ నోటీసు రాసినట్టు రాస్తాడు. డెవిల్ లాఫుల్ ఈవిల్ (నియమం పాటించే దుర్మార్గం), మాట తప్పదు. మోసం లేని ఒప్పందమే ఎక్కువ భయం పుట్టిస్తుంది, ఎందుకంటే అప్పుడు జరిగినదానికి బాధ్యత ఒప్పుకున్నవాళ్లదే.

మన కథలు చూడండి, లొసుగు ఎవరికి పనికొచ్చింది? హిరణ్యకశిపుడు పగలూ రాత్రీ, ఇంటా బయటా, నేలా నింగీ, మనిషీ మృగం అన్నీ లెక్కపెట్టి వరం అడిగాడు. సంధ్యవేళ, గడప మీద, ఒడిలో పెట్టుకుని గోళ్లతో చీల్చిన దేవుడికి ఆ సందు దొరికింది. భస్మాసురుడి చెయ్యి వాడి నెత్తి మీదకే వెళ్లింది. మన ప్లేయర్లందరూ చిన్నప్పటి నుంచీ ఈ కథల్లో పెరిగినవాళ్లే, షరతులో సందు వెతకడం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే ఒప్పందం రాసేటప్పుడు ప్లేయర్లకి పనికొచ్చే సందు ఒకటి నేనే వదులుతాను, అదేమిటో చెప్పను. కరణం కాగితంలో ‘ఈ ఊళ్లో’ అని ఉంది. చాలా సెషన్ల తర్వాత మా రోగ్ (దొంగ పాత్ర) ఆడే కుర్రాడికి వెలిగింది: ఏరు పారిన రోజు ఊళ్లో దిగిన కథలు చెప్పే ఆవిడ ఆ ఊరిది కాదు, ఆమెకి అన్నీ గుర్తే. ఆమెని వెతికి తెచ్చి, చెట్టు కింద ఆ కథ చెప్పించారు. ఊరివాళ్లకి జ్ఞాపకం రాలేదు, కానీ తెలిసింది. ముసలమ్మ లేచి వచ్చి పాలడిన్ చెయ్యి పట్టుకుంది. కరణం పుస్తకంలో ఆ పద్దు కొట్టేసి, దండం పెట్టి వెళ్లిపోయాడు. కోపం తెచ్చుకోలేదు, పగ పట్టలేదు. షరతు షరతే.

ఇంకో పనికొచ్చే విషయం. డెవిల్స్‌కి పై అధికారులుంటారు. పని బాగా చేస్తే ప్రమోషన్, చెడగొడితే అట్టడుగున లెమ్యూర్‌గా పడిపోవచ్చు. నైన్ హెల్స్ బయట చంపితే అది చావదు, సొంత చోట మళ్లీ లేస్తుంది. కాబట్టి దానికి మీ పార్టీ కత్తి కన్నా పైవాడంటేనే ఎక్కువ భయం. ప్లేయర్లకి ఈ సంగతి తెలిశాక కత్తి తీయకుండానే డెవిల్‌ని ఇరుకున పెట్టే దారులు వాళ్లే కనిపెడతారు. “నీ పైవాడికి ఉత్తరం రాస్తాం” అనే బెదిరింపుతో మా వాళ్లు ఒక బార్బ్‌డ్ డెవిల్‌ని వెనక్కి పంపారు.

డీమన్స్ విషయంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం చేయండి. బేరం లేదు, పేరు లేదు, ప్లాన్ లేదు. (గ్లాబ్రెజు ఆశ పెట్టి మనుషుల్ని పాడు చేసే రకం, దాన్ని మినహాయించండి.) మా పార్టీ ఒకసారి కొండ మీద ఒక మిల్లుకి వెళ్లింది. అక్కడికి వచ్చిపోయిన డీమన్ ధాన్యం తినలేదు, ఎత్తుకుపోలేదు, బురదలో కలిపి తొక్కింది. తలుపులు విరిచింది సరే, విరిచిన తలుపుని మళ్లీ ముక్కలు చేసింది. ఊయల, నీళ్ల కుండ, గోడ మీద పిల్లల గీతలు, దేన్నీ వదల్లేదు. ప్లేయర్లు ఎప్పటిలాగే కారణం వెతికారు: ఎవరు పంపారు, ఏం కోసం వచ్చింది? కారణం దొరక్కపోయేకొద్దీ గొంతులు తగ్గాయి. అప్పుడు కొండ పైనుంచి వ్రాక్ అనే డీమన్ అరుపు వినిపించాను. వ్రాక్ రాబందు ఆకారం, విషపు ధూళి చల్లుతుంది, అరుపుతో మనిషిని కొయ్యబార్చేస్తుంది. ఛాలెంజ్ రేటింగ్ 6, మీ ఐదో లెవెల్ పార్టీకి ఒక్కటి చాలు.

ఫైట్‌లో కూడా తేడా చూపించండి. డెవిల్స్ వరుసలో నిలబడతాయి, ఆజ్ఞ వింటాయి, నష్టం ఎక్కువైతే వెనక్కి తగ్గుతాయి. డీమన్ దగ్గరున్నదాని మీద పడుతుంది, అది తోటి డీమన్ అయినా సరే. మా వాళ్లు ఇది గమనించి రెండు డీమన్ల మధ్య నుంచి పక్కకి తప్పుకుని, అవే ఒకదాన్నొకటి పీక్కునేలా చేశారు. నాకు చాలా సంతోషమేసింది.

రాక్షస అనే మాన్‌స్టర్ గురించి కూడా చెప్పాలి, తెలుగు టేబుల్‌లో ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది కాబట్టి. పుస్తకంలో వాడికి పులి తల, తిరగబడ్డ అరచేతులు, పుట్టుక నైన్ హెల్స్‌లో. కానీ బలి చక్రవర్తి దానం, విభీషణుడి ధర్మం, ప్రహ్లాదుడి భక్తి విని పెరిగిన మనకి అసురులు, రాక్షసులు అందరూ ఒకే రకం చెడ్డవాళ్లంటే మింగుడుపడదు. నేను స్టాట్ బ్లాక్ వాడుకున్నాను, నైన్ హెల్స్‌తో సంబంధం తెంచేశాను. మా లోకంలో వాళ్లొక రాజ్యం, మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఉన్నారు.

వచ్చే సెషన్‌కి ఏం చేయాలంటే, పెద్దవాటి జోలికి వెళ్లకండి. ఒక ఇంప్ (చిన్న డెవిల్) తీసుకోండి. 2014 మాన్యువల్‌లో దానికి 10 హిట్ పాయింట్లే, కానీ కావాలన్నప్పుడు మాయమవుతుంది, ఎలుకగా, కాకిగా, సాలీడుగా మారుతుంది. మీ పార్టీలో ఎవరికి ఏది బాగా కావాలో క్యారెక్టర్ షీట్లు తీసి చూడండి. దాన్ని నిజంగానే ఇచ్చేందుకు అడిగే ధర ఒకటి, అందులో సందు ఒకటి రాసుకోండి. ఇంప్ కిటికీ మీద వాలి అడుగుతుంది. వాళ్లు కత్తి తీస్తే ఎగిరిపోతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది, అదే ధరకి.