పండ్ల మీద చిన్న ఈగలు.. పాపకు ప్రమాదమా?

ప్రశ్న: మాకు మూడేళ్ల పాప ఉంది. మామిడిపండ్లు తెచ్చిన దగ్గర్నుంచి వంటింట్లో సన్నటి ఈగలు ముసురుతున్నాయి. మొన్న అవి వాలిన అరటిపండు పాప తినేసింది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. రోజూ రాత్రి స్ప్రే కొడుతున్నా పోవడం లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ స్ప్రే ఆపేయండి. ఈగల కంటే నాకు దాని గురించే ఎక్కువ భయం. వంటింట్లో కొట్టిన మందు గట్టు మీద, గిన్నెల మీద, మూత లేని పండ్ల మీద పడుతుంది. మూడేళ్ల పిల్లలు అన్నీ తాకి, ఆ చెయ్యే నోట్లో పెట్టుకుంటారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ ఘాటుకే ఆయాసం రావచ్చు. పైగా అది చంపేది ఎగిరే ఈగలనే. పండులోని గుడ్లు, పురుగులు అలాగే ఉంటాయి.

ఇక అరటిపండు సంగతి. ఈ ఈగలు కుట్టవు. మగ్గిపోయి పులుస్తున్న పండు మీది ఈస్ట్ కోసం వస్తాయి. వీటి గుడ్డు అర మిల్లీమీటరు ఉంటుంది, కంటికి ఆనదు. ఒకటీ అరా కడుపులోకి వెళ్లినా అక్కడి ఆమ్లానికి సాధారణంగా బతకవు. అయితే చెత్తబుట్ట మీద వాలిన ఈగ కోసిన పండు మీదా వాలితే క్రిములు అంటుకోవచ్చు. అందుకే కోసిన ముక్కల మీద మూత ఉంచండి, మెత్తబడి నీరు కారే పండు పాపకు పెట్టకండి. వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పట్టండి. జ్వరం, మలంలో రక్తం, మూత్రం తగ్గడం, మగత.. ఏది కనిపించినా వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించండి.

మామిడిపండ్లనే అనుమానించకండి. మా ఇంట్లో ఒకసారి వారం రోజులు వెతికితే, ఉల్లిపాయల బుట్ట అడుగున కుళ్లిన ఒక్క ఉల్లిపాయ దొరికింది! సింకు జాలీ, తడి మాపు, చెత్తడబ్బా అడుగు కూడా చూడండి. ఆ మూలం తీసేశాక గ్లాసులో రెండు చెంచాల వెనిగర్, కాసిని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి పాపకు అందనిచోట పెట్టండి. పుల్లటి వాసనకు వచ్చి వాలతాయి. సబ్బు వల్ల నీటి మీద నిలవలేక మునిగిపోతాయి. వెచ్చటి వంటింట్లో గుడ్డు ఈగ కావడానికి 10 రోజులు చాలు, కాబట్టి రెండు వారాలైనా గ్లాసు తీయకండి.

అన్నట్టు, మామిడిపండు కోస్తే లోపల తెల్లటి పురుగులు కనిపించాయా? అది వేరే ఈగ పని. అది తోటలోనే కాయకు గుచ్చి గుడ్లు పెడుతుంది. ఆ పండు పారేయండి, మీ వంటిల్లు శుభ్రంగా లేదని మాత్రం బాధపడకండి.