ఎగురుతున్న సైనిక విమానం నుంచి ఇంటికి ఫోన్ ఎలా కలుపుతారు?

అమెరికాలో ఈ సేవ చేసేది మార్స్ అనే సైనిక అనుబంధ రేడియో వ్యవస్థలోని హామ్ (అభిరుచితో రేడియో నడిపే) వాలంటీర్లు. సిబ్బంది 13,927 కిలోహెర్ట్జ్‌లో, అప్పర్ సైడ్‌బ్యాండ్ అనే ప్రసార పద్ధతిలో పిలుస్తారు. ఆపరేటర్ నంబరు డయల్ చేసి ఇంటివాళ్లకు ముందే చెప్పాలి: ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, ముగించగానే 'ఓవర్' అనాలి, ఈ మాటలు ఎవరైనా వినొచ్చు. తర్వాతే రేడియోను ఫోన్ లైనుకు కలిపే ఫోన్ ప్యాచ్ స్విచ్ వేయాలి. ప్రతి 'ఓవర్'కీ ట్రాన్స్‌మిట్, రిసీవ్ మార్చేది ఆపరేటరే కాబట్టి చెవి అటే ఉండాలి.

అసలు తిప్పలు ప్యాచ్‌లో వచ్చే, పోయే మాటలను విడదీసే హైబ్రిడ్ ట్రాన్స్‌ఫార్మర్‌తోనే. దాని నల్ (ఒకవైపు శబ్దం మరోవైపు చేరకుండా చేసే సర్దుబాటు) సరిగా కుదరకపోతే రిసీవర్ శబ్దం మైక్ ఇన్‌పుట్‌లోకి చేరుతుంది. వాక్స్ (శబ్దం రాగానే ట్రాన్స్‌మిట్‌కి మార్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే సెట్ దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి పోతుంది. మనం ట్రాన్స్‌మిట్ చేసినప్పుడే లైన్‌లో గురగుర వస్తోందంటే ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల శక్తి) లైన్‌లోకి దూరినట్టే. ఫోన్ వైరును ఫెరైట్ అనే అయస్కాంత పదార్థపు రింగుకు కొన్ని చుట్లు చుట్టి, ఎర్తింగ్ చూడండి. గెయిన్ అతిగా పెంచితే మాట చెదురుతుంది, అంతే.