ఫోన్ వంటింట్లో, పని బల్ల మీద

ప్రశ్న: ఇంటి నుంచి మెడికల్ కోడింగ్ చేస్తున్నాను. పది నిమిషాలకోసారి చెయ్యి ఫోన్ మీదకే పోతోంది. సాయంత్రానికీ పని తెమలక ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నేనూ ఇంట్లోనే ప్రూఫులు దిద్దుతానమ్మా. ఫోన్ సైలెంట్‌లో పెట్టినా ఎదురుగా ఉంటే మనసు దాని మీదే. అందుకే వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి వస్తాను. ఇక 25 నిమిషాలు పనే, తర్వాత 5 నిమిషాలు విరామం. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఆయన చదువుకునే రోజుల్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి ఇది. దీని పేరు పొమొడోరో, అంటే వాళ్ల భాషలో టమాటాయే. విరామంలో మాత్రం రీల్స్ జోలికి వెళ్లకండి, అవి ఐదు నిమిషాలతో ఆగవు. నేనైతే తులసికి నీళ్లు పోసి వస్తాను. మధ్యలో గ్యాస్ బుక్ చేయాలని గుర్తొచ్చిందా, పక్కన కాగితం మీద రాసేసి మళ్లీ పనిలో పడండి.