తెల్ల కుక్కలకు చెవుడు ఉంటుందా?

ప్రశ్న: మా రాజపాళయం జాతి కుక్కపిల్లకు మూడు నెలలు. ఒళ్లంతా తెలుపు, ముక్కు గులాబీ రంగు. కాలింగ్ బెల్ మోగినా నిద్ర లేవదు గానీ, పక్కన ఎవరైనా గట్టిగా అడుగు వేస్తే ఉలిక్కిపడి లేస్తుంది. రంగుకూ దీనికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, మొగప్పేరు, చెన్నై

జవాబు: ఉండే అవకాశం ఎక్కువే. వెంట్రుకలకు రంగునిచ్చే మెలనోసైట్ కణాలు లోపలి చెవిలోనూ ఉండి, అక్కడి ద్రవంలో లవణాల సమతూకాన్ని కాపాడతాయి. అవి లోపిస్తే శబ్దాన్ని గ్రహించే కణాలు పుట్టిన కొన్ని వారాలకే నశిస్తాయి. అమెరికాలో పరీక్షించిన డాల్మేషియన్లలో (తెల్లని ఒంటిపై మచ్చలుండే జాతి) సుమారు 30 శాతం కుక్కలకు కనీసం ఒక చెవి వినిపించకపోవడానికి మూలం ఇదే. అలాగని తెల్లనివన్నీ చెవిటివి కావు.

మీ పిల్ల అడుగుల చప్పుడుకు కాక, నేల అదురుకు లేస్తూ ఉండవచ్చు. అది వెనుదిరిగి ఉన్నప్పుడు, గాలి తగలనంత దూరం నుంచి తాళాల గుత్తి ఆడించి చూడండి. ఒక్క చెవికే లోపం ఉంటే ఇంటి పరీక్షలో బయటపడదు. మెదడుకు చేరే శ్రవణ సంకేతాలను కొలిచే 'బేర్' పరీక్ష గురించి వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాలలో విచారించండి. ఈ చెవుడుకు మందు లేదు, కానీ చేతి సైగలను ఇలాంటి కుక్కలు చక్కగా నేర్చుకుంటాయి. వీధిలో మాత్రం గొలుసు విప్పకండి, దీన్ని ఈనికకు వాడకండి.