ఉంగరం పారేయడానికి వెయ్యి పేజీలా?

ప్రశ్న: టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాలు మూడూ చూసి, ఆశగా నవల కొన్నాను. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఆపేశాను. ఒకసారి అడవి దగ్గర ఉండే టామ్ బాంబడిల్ పాటల దగ్గర, ఇంకోసారి ఉంగరాన్ని ఏం చేయాలో చర్చించే ఎల్రాండ్ సభలో. వంద పేజీలు తిప్పినా కథలోనివాళ్లు సొంత ఊరి పొలిమేర దాటరేమిటండీ! మూడోసారి ఎలా చదవాలి?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: చాలామంది ఆగేది సరిగ్గా ఆ రెండు చోట్లే. సినిమా చూసి వచ్చినవాళ్లు యుద్ధం ఎప్పుడొస్తుందా అని పేజీలు తిప్పుతారు, పుస్తకమేమో నడిపిస్తుంది. మన జానపద కథల్లో రాకుమారుడు ఏడు సముద్రాలు దాటి ఏదో ఒకటి సాధించుకొస్తాడు. ఈ కథానాయకుడు ఫ్రోడో తన దగ్గరున్న దుష్ట ఉంగరాన్ని వదిలించుకోవడానికి పోతాడు. తెచ్చుకునేవాడికి తొందర, వదులుకోవాల్సినవాడికి కాళ్లు రావు. ఉంగరం సంగతి మాంత్రికుడు గాండాల్ఫ్ ఏప్రిల్‌లో విప్పి చెబితే ఫ్రోడో గడప దాటేది సెప్టెంబరు 23న! సినిమాలో ఈ జాప్యం కనిపించదు. మీకు విసుగనిపించిన ఆ పేజీల్లో ఉన్నది అతని వెనకాడటమే.

ఇక చదివే పద్ధతి. ముందున్న ఉపోద్ఘాతంలో పొగాకు ముచ్చట్లు, ఊరి పరిపాలన వదిలేయండి. ఉంగరం ఫ్రోడోను పెంచిన బిల్బోకి ఎలా దొరికిందో చెప్పే నాలుగో భాగం చాలు. నవల మొదటి భాగంలో బాంబడిల్ వచ్చే 6, 7, 8 అధ్యాయాలు మాత్రం దాటేయకండి. ఉంగరం తొడుక్కుంటే ఎవరైనా మాయమవుతారు, ఏడో అధ్యాయంలో అతను తొడుక్కున్నా మాయం కాడు. ఎనిమిదిలో పాత సమాధి దిబ్బ నుంచి ఫ్రోడో లాంటి పొట్టి మనుషులైన హాబిట్‌లకు పొడవాటి బాకులు దొరుకుతాయి. ఆ బాకుల్ని పూర్వం మంత్రగాడైన ఆంగ్మార్ రాజుతో పోరు కోసమే చేశారు. నవల అయిదో భాగంలో ఫ్రోడో స్నేహితుడు మెర్రీ పొడిచిన పోటుకు అదే రాజు మంత్రరక్ష తెగిపోతుంది. బాంబడిల్‌ను వదిలేసి చదివితే అక్కడ ఓ చిన్నవాడి కత్తికి అంత శక్తి ఎక్కడిదో అర్థం కాదు.

ఎల్రాండ్ సభను ఒక్క విడతలో లాగకండి. గాండాల్ఫ్ నోరు విప్పేదాకా ఒక రోజు, మిగతాది మర్నాడు. పేర్ల వాన కురుస్తుంది కాబట్టి పక్కన కాగితం పెట్టుకుని ఒక్క వరుస రాసుకోండి: సౌరాన్ (ఉంగరం చేసిన దుష్టుడు), ఇసిల్దుర్ (అతని నుంచి దాన్ని తీసుకున్నవాడు), నది, దేయగోల్, స్మేయగోల్ (ఇతనే తర్వాత గాలమ్), బిల్బో, ఫ్రోడో. ఉంగరం చేతులు మారిన క్రమం అదే. సభలో ఎవరు ఏం చెబుతున్నా అది ఈ వరుసలో ఎక్కడో ఒకచోట అతుక్కుంటుంది. ఆ తర్వాత మిగిలేది దాన్ని ఏం చేయాలన్నదే. బాంబడిల్‌కి ఇద్దామా, సముద్రంలో వేద్దామా, వాడుకుందామా అని అన్నీ తేల్చుకున్నాకే అగ్నిపర్వతం మాట ఖాయమవుతుంది.

పాటల్ని మొదటిసారికి కళ్లతో దాటించినా నష్టం లేదు. బ్రీ ఊరి సత్రంలో అందే ఉత్తరంలోని ఎనిమిది పాదాల పద్యం మాత్రం నిదానంగా చదవండి. ఆ సత్రంలో కలిసే దేశదిమ్మరి స్ట్రైడర్ ఎవరో అందులో ఉంది. మొత్తం 62 అధ్యాయాలు. రోజుకొకటి అనుకుంటే రెండు నెలలు.

ప్రశ్న: కష్టపడి పూర్తి చేశాను. నాలుగో భాగం చివర ఫ్రోడో శత్రువులకు చిక్కాక పది అధ్యాయాలు అతని ఊసే లేదు. తీరా అగ్నిపర్వతం ఎక్కాక ఉంగరాన్ని మంటల్లో వేయలేక వీరుడే ఓడిపోయాడు. ఉంగరం కాలిపోయాక మళ్లీ ఆరు అధ్యాయాలు! రచయితకు పట్టు తప్పిందనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మూడింటిలో రెండు రచయిత కావాలని చేసినవి. అయిదో భాగం చివర సౌరాన్ రాజ్యపు నల్ల ద్వారం ముందు అతని దూత ఫ్రోడో కవచాన్నీ, ఫ్రోడో తోడుగా వెళ్లిన శామ్ కత్తినీ తీసి గాండాల్ఫ్ బృందానికి చూపిస్తాడు. శామ్ వెళ్లి ఫ్రోడోను విడిపించిన సంగతి అప్పటికి గాండాల్ఫ్‌కూ తెలియదు, మీకూ తెలియదు. అందుకే ఆ సన్నివేశం గుండెలో దిగుతుంది. పుస్తకం చివర ‘బి’ అనుబంధంలో తేదీల పట్టిక ఉంది. వాళ్లిద్దరూ బురుజు నుంచి తప్పించుకున్నది మార్చి 15న, నల్ల ద్వారం ముందు పోరు 25న. ఈ తేదీల ప్రకారం అధ్యాయాలు కలిపి చదవమని కొందరు సలహా ఇస్తారు. రెండోసారికి సరదాగా ఉంటుంది. మొదటిసారే అలా చదివితే కవచం చూపించినా చలనం ఉండదు.

ఫ్రోడో ఓటమి సంగతి. ఒట్లూ శాపాలూ వింటూ పెరిగిన మనకు ఇది తేలిగ్గా అందాలి. నాలుగో భాగం మొదట్లో గాలమ్ ఆ ఉంగరం మీదే ఒట్టు వేస్తాడు. ఆ ఉంగరం నీ మాటనే మెలితిప్పగలదని ఫ్రోడో అప్పుడే హెచ్చరిస్తాడు. కొండ మీద గాలమ్ మీదపడ్డప్పుడు, ఇంకోసారి నన్ను ముట్టుకుంటే నువ్వే మంటల్లో పడతావని అంటాడు. కాసేపటికి గాలమ్ మళ్లీ ముట్టుకున్నాడు, వేలు కొరికాడు, పడ్డాడు. శాపం తగిలింది! కానీ ఆ క్షణానికి గాలమ్ బతికి ఉన్నాడంటే బిల్బో, ఫ్రోడో, చివరికి శామ్ కూడా చంపే అవకాశం ఉండీ వదిలేయబట్టే.

చివరి ఆరింటిలో ‘అనేక వీడ్కోళ్లు’ అనదగ్గ అధ్యాయం (ఆరో భాగంలో ఆరోది) సాగిందని ఒప్పుకోవాల్సిందే. ఎనిమిదోది మాత్రం తీసేయడానికి లేదు. తిరిగొచ్చేసరికి సొంత ఊళ్లో చెట్లు నరికేసి ఉంటాయి. గాండాల్ఫ్ తోడు లేకుండా ఫ్రోడో, అతని ముగ్గురు స్నేహితులే చక్కదిద్దుకోవాలి. తొమ్మిదో అధ్యాయంలో తేదీలు చూడండి. కత్తి గాయమైన అక్టోబరు 6, సాలీడు కుట్టిన మార్చి 13. తిథి వచ్చినట్టు ఆ రోజుల్లో ఫ్రోడో మంచం పడతాడు. కథ కొండ మీదే ఆగిపోతే ఈ సంగతి ఎక్కడ చెప్పాలి?

ప్రశ్న: ఒకే సంపుటి కొనాలా, మూడు కొనాలా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: మూడు. పడుకుని చదివేవాళ్లకు ఒకే సంపుటి బరువు. నిజానికి ఇది ఆరు భాగాల ఒకే నవల. యుద్ధానంతరం కాగితం ఖరీదై 1954–55లో మూడుగా వేశారు. అనుబంధాలు మూడో సంపుటి చివర ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే పటాలు, అనుబంధాలు ఉన్నాయో లేదో చూసుకోండి. కొన్ని పాత ఒకే సంపుటి పేపర్‌బ్యాక్‌లలో అనుబంధాలు దాదాపుగా తీసేశారు.

ప్రశ్న: ఈ నవలలోని అమరజాతి ఎల్ఫ్‌ల పేర్లు పలకడం ఎలా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: గురులఘువులు వస్తే సగం పని అయినట్టే. ఇంగ్లీషు ‘సి’ (C) అక్షరం ఎప్పుడూ ‘క’: కెలెబోర్న్, కిరిత్ ఉంగోల్. అచ్చు మీద గీత ఉంటే దీర్ఘం: నూమెనోర్. ఊనిక (ఒత్తి పలికే చోటు) కోసం చివరి నుంచి రెండో అక్షరం చూడండి. అది దీర్ఘమైనా, దాని తర్వాత సంయుక్తాక్షరం ఉన్నా గురువు, ఊనిక అక్కడే: ఇసిల్దుర్‌లో ‘సి’ మీద. లఘువైతే ఊనిక ఒకటి వెనక్కి జరుగుతుంది: డెనెతోర్‌లో ‘డె’ మీద. స్ట్రైడర్ అసలు పేరును మనవాళ్లు ‘అరాగార్న్’ అని ‘రా’ సాగదీస్తారు. అది లఘువు. ‘అ’ ఒత్తి అరగోర్న్ అనండి. ఫ్రోడో, శామ్, బ్రాండీబక్ లాంటి హాబిట్ పేర్లకు ఈ లెక్క అక్కర్లేదు, ఇంగ్లీషులో పలికినట్టే.