ట్రయల్ కోర్టు వదిలి అప్పీళ్లకే పరిమితం కావొచ్చా?

ప్రశ్న: ఐదేళ్లుగా ట్రయల్ కోర్టులో సివిల్ దావాలు చేస్తున్నాను. ఇకపై అప్పీళ్లే చేయాలని ఉంది. విడిగా అనుమతి ఏమైనా తీసుకోవాలా? డబ్బు దావాలో ఓడిన ఒక ప్రతివాది, కింది కోర్టులో దాఖలు చేయని రసీదును ఇప్పుడు అప్పీల్లో పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: అనుమతి అక్కర్లేదు. 1961 అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 30 ప్రకారం దేశంలో ఏ కోర్టులోనైనా ప్రాక్టీసు చేసే హక్కు మీకుంది. సుప్రీంకోర్టులో కేసు దాఖలు చేయాలంటే మాత్రం అడ్వొకేట్ ఆన్ రికార్డ్ (అక్కడ కేసులు దాఖలు చేసే అర్హత ఉన్న లాయరు) పరీక్ష నెగ్గాలి.

రసీదు విషయంలో తొందరపడకండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 27 కొత్త సాక్ష్యాన్ని మూడు సందర్భాల్లోనే రానిస్తుంది. తీసుకోవాల్సిన సాక్ష్యాన్ని కింది కోర్టు తిరస్కరించి ఉండాలి. లేదా తగిన శ్రద్ధ పెట్టినా అది అప్పట్లో తెలియకపోయిగానీ, తేలేకపోయిగానీ ఉండాలి. లేదా తీర్పు చెప్పడానికి అది కావాలని అప్పీలు కోర్టుకే అనిపించాలి. ‘పాత లాయరు పెట్టడం మరిచారు’ అన్నది ఈ మూడింటిలోకీ రాదు. అంతకన్నా ముందు జవాబుదావా (దావాకు ప్రతివాది కింది కోర్టులో రాసిచ్చిన జవాబు) తీసి చదవండి. డబ్బు కట్టానన్న మాటే అందులో లేకపోతే రసీదు దొరికినా నిలబెట్టడం చాలా కష్టం.

మీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు కూడా ఇక్కడే ఉంది. అప్పీలు లాయరు కేసును కొత్తగా కట్టలేడు, ఎవరో కట్టిపెట్టిన రికార్డులోనే వెతుక్కోవాలి. అడ్డు ప్రశ్నల్లో అడగకుండా వదిలేసిన ఒక్క ప్రశ్న తర్వాత ఎంత బాధపెడుతుందో స్వయంగా అనుభవించినవాళ్లకే వాంగ్మూలం చదవడం వస్తుందని నా నమ్మకం. నేను తీర్పు కన్నా ముందు సాక్షుల వాంగ్మూలాలు చదువుతాను. తీర్పు ముందు చదివితే జడ్జిగారు చూసిన చోటే మన కళ్లూ ఆగిపోతాయి. తీర్పులో ఊసే లేని ఒక ఒప్పుకోలు ఏ ఏడో పేజీలోనో కనబడినప్పుడు కలిగే ఆనందం కోసమే నేను ఈ పనిలో ఉన్నాను.

కాబట్టి ట్రయల్ పని ఒక్కసారిగా మానేయకండి. మొదటి అప్పీళ్లతో మొదలుపెట్టండి. వాస్తవాలూ చట్టమూ రెండూ తిరిగి విచారణకు వచ్చేది అక్కడే. మొదటి అప్పీలు తీర్పుపై హైకోర్టులో వేసే రెండో అప్పీలుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 100 కింద గణనీయమైన న్యాయప్రశ్న ఉండి తీరాలి. 1976 సవరణ తర్వాత ఆ ద్వారం బాగా ఇరుకైంది.

ఇక మీ కక్షిదారు సంగతి. గడువు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు ఇందులో లెక్కకు రావు. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ (తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చిన ఆదేశం) అమలు ఆగదు, స్టే పిటిషన్ విడిగా వేయాలి. కాపీకి దరఖాస్తు పెట్టారో లేదో ఈరోజే అడగండి.